ఈ-సర్టిఫికెట్ గారికి, సూర్యారావుపేట నుంచి

మహారాజశ్రీ ఈ-సర్టిఫికెట్ గారికి,

విజయవాడ సూర్యారావుపేటలో ఓ ఆసుపత్రి డైటీషియన్ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, పొటాషియం ఒక్కటే కాస్త ఎక్కువ.

మొన్న ఆదివారంతో మీరు నా ఫోన్‌లో 41 మంది అయ్యారు. మీ కోసం నేను పడ్డ పాట్లు మీకేం తెలుసు? రెండు గంటల వెబినార్‌లో మైకూ కెమెరా ఆపేసి, గ్రైండర్‌లో ఇడ్లీ పిండి వేసుకుని, చివరి ఐదు నిమిషాల కోసం కాచుకు కూర్చున్నాను. ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు వచ్చేది అప్పుడే కదా! అది నింపందే మీరు గడప దాటరు. వక్త ఏం చెప్పారో సగం వినకుండానే 'అద్భుతం' అని కొట్టాను. మీరేమో నా ఇంటిపేరు తప్పు వేసుకొచ్చారు. పోనీలెండి, వృత్తిలో చదువు మానలేదని మాకు లెక్కేసే పాయింట్లు నావే.

ఆ రోజు విషయం కిడ్నీ రోగుల తిండి. ముందు ముప్పావుగంట స్పాన్సర్ గారి పౌడర్ డబ్బా. తర్వాత బ్లూబెర్రీలు. (బీసెంట్ రోడ్డు బండి మీద ఎప్పుడైనా చూశారా?) మధ్యలో ఒక్క మంచి మాట దొర్లింది: కూరగాయలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే, దెబ్బతిన్న కిడ్నీలు సరిగా బయటికి పంపలేని పొటాషియం తగ్గుతుందని.

సోమవారం కిడ్నీ వార్డులో ఓ పెద్దాయన భార్యకి అదే చెప్పాను. ఆవిడ నన్ను జాలిగా చూసి, "నీళ్లు పారబోస్తే పప్పులో ఏం పోస్తాం తల్లీ? రుచంతా అందులోనేగా ఉండేది" అంది. పొటాషియమూ అందులోనే ఉందని నేననేలోపు, వాళ్లబ్బాయి మంచం కింద నుంచి రెండు కొబ్బరిబోండాలు తీశాడు. మే నెల ఎండకి నాన్న నీరసపడ్డాడట. ఆ బోండాం పొటాషియం గని అని నాకు తెలుసు. దాన్ని ఆ కొడుకు చేతిలోంచి మనసు నొప్పించకుండా తీసుకోవడం ఎలాగో మీ 41 మందిలో ఒక్కరూ నేర్పలేదు. వార్డు ఆయా వచ్చి, "మొన్న పక్క బెడ్డాయన ఇట్టాగే తాగి, రాత్రికి రాత్రి మళ్లీ డయాలసిస్ మిషనెక్కాడు బాబూ" అంది. బోండాలు సంచిలోకి పోయాయి. ఆయాకి ఒక్క సర్టిఫికెట్టూ లేదు.

మీకు కోపం రాకపోతే ఇంకో మాట. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్లు 2017లో 528 ఆహారాల పోషకాల పట్టిక వేశారు, గోంగూరతో సహా. 2024లో 17 ఆహార సూత్రాలు ఇచ్చారు, ఊరికే దించుకోవచ్చు. కానీ చదివితే పాయింట్లు రావు. అందుకే మా గ్రూపులో ఆ పీడీఎఫ్ పెడితే నాలుగు దణ్ణాల బొమ్మలు పడతాయి. మీ లింకు పెడితే క్షణంలో సీట్లు నిండుతాయి.

మిమ్మల్ని గట్టిగా తిట్టనూ లేను. 2021లో మా వృత్తికీ చట్టం వచ్చింది, రేపు ఎవరు ఏ కాగితం అడుగుతారో!

వచ్చే ఆదివారం పదకొండింటికి షుగర్ మీద ఉందట. మినప్పప్పు నానబోస్తున్నాను. ఇంటిపేరు ఈసారైనా చూసుకుని రండి.

ఇట్లు,
మీ పాయింట్ల మనిషి