పట్టాదారు ఒకరు, అనుభవదారులు అందరూ

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో అద్దె ఇంటి గోడకు ఒక మేకు కొట్టుకోవడానికి అనుమతి సంపాదించడం కంటే, పెరిగితే 20 అడుగులు దాటగల కొండచిలువను కొని తెచ్చుకోవడం తేలిక. డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మా పక్క ఫ్లాట్ కుర్రాడు ఈ రెండు పనులకూ పూనుకున్నాడు. మేకు విషయంలో అపార్ట్‌మెంట్ ఆఫీసువారు ససేమిరా అన్నారు. పాము విషయంలో వారిని అడగవలసిన పనే పడలేదు. అద్దె ఒప్పందంలో ఏ జాతి కుక్క పనికిరాదో, ఏ కుక్క ఎంత బరువు దాటకూడదో వివరిస్తూ పేజీలకు పేజీలు ఉన్నాయి కాని, పంజరంలోనో గాజు తొట్టిలోనో ఉండే చిన్న ప్రాణులకు అదనపు రుసుము లేదని మాత్రం ఒకే ఒక్క వాక్యం ఉంది. కొన్ననాటికి ఆ పాము పొడవు రెండున్నర అడుగులు కనుక ఒప్పందం ప్రకారం అది చిన్న ప్రాణే. ఎప్పటి వరకు చిన్నదిగా ఉండాలన్నది మాత్రం ఎవరూ రాసుకోలేదు.

ఆ కుర్రాడిది ఏలూరు. మెట్ల మీద ఎదురైతే "నమస్కారం అన్నయ్యా" అనకుండా దాటిపోని మర్యాదస్థుడు. ఒక శనివారం స్నేహితులతో కలిసి సరదాగా సరీసృపాల ఎక్స్‌పోకు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ఒక ప్లాస్టిక్ డబ్బా చేతిలో పట్టుకుని వచ్చాడు. ఆ ఎక్స్‌పోలలో బల్లల మీద వరుసగా మూతలకు చిల్లులు పొడిచిన డబ్బాలు పేర్చి ఉంటాయి. మనవాళ్ల హోటళ్లలో సాంబారు పార్సిల్ కట్టి ఇచ్చే రకం డబ్బాలే అవి. ఒక్కొక్క దానిలో ఒక పిల్ల పాము చుట్ట చుట్టుకుని పడుకుని ఉంటుంది. మూత మీద జాతి పేరు, ఆడో మగో, ధర ఎంతో మార్కరుతో రాసి ఉంటాయి. ఎంత పొడవు పెరుగుతుందో, ఎన్నేళ్లు బతుకుతుందో రాయడానికి ఆ మూత మీద చోటు చాలదు కాబోలు. మావాడు తెచ్చినది రెటిక్యులేటెడ్ పైథాన్. ఆగ్నేయాసియా అడవులకు చెందిన ఆ జాతిని పొడవులో మించిన పాము ప్రపంచంలో లేదు. సరిగ్గా చూసుకుంటే 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. చట్టమే లేదంటే అన్యాయమవుతుంది. ఈ జాతికీ, గ్రీన్ అనకొండకూ, మరికొన్ని పెద్ద కొండచిలువలకూ టెక్సాస్‌లో పర్మిట్ తప్పనిసరి. ఆ పర్మిట్‌ను వేట లైసెన్సులు అమ్మే చోటే అమ్ముతారు. మావాడు రుసుము కట్టి, కాగితం తెచ్చి, పాముకు నూడుల్ అని పేరు పెట్టాడు.

నూడుల్ మొదట ఎలుక పిల్లలను తిన్నది, తరువాత ఎలుకలను తిన్నది, ఆ తరువాత కుందేళ్లకు ఎదిగింది. రెండేళ్లు తిరిగేసరికి పది అడుగులు దాటింది. గాజు తొట్టి పోయి, హాలులో ఒక గోడ పొడవునా ఎనిమిది అడుగుల పెట్టె వచ్చింది. దాన్ని మూడో అంతస్తుకు మోసినవారిలో నేనూ ఒకణ్ని. పెట్టెలో ఒక మూల 32 డిగ్రీల వేడి ఉండాలి కనుక దానిలో రేయింబవళ్లు ఎర్రటి దీపం వెలుగుతూ ఉండేది. పెళ్లి సంబంధాలవారు వీడియో కాల్ చేసే రోజున మావాడు ఆ పెట్టె మీద ఒక జరీ దుప్పటి కప్పి ముందు కూర్చునేవాడు. ఒకసారి అమ్మాయి తల్లి ఆ ఎర్రని కాంతిని చూసి, "వెనక అఖండ దీపమా బాబూ?" అని అడిగితే, రాత్రీ పగలూ ఆరనివ్వనని చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

అప్పటికే మా అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఏకాదశినాడు ఉల్లిపాయను కూడా వంటింట్లోకి రానివ్వని మనిషి మా అమ్మ. ఒక మధ్యాహ్నం కొరియరువాడు పక్క ఫ్లాట్ తలుపు తట్టి, ఎవరూ పలకకపోవడంతో మా తలుపు తట్టాడు. డబ్బా మీద ఉన్న 'ఫ్రోజెన్' అన్న ఒక్క మాటనూ కూడబలుక్కుని చదివి, పరాయివాళ్ల సొమ్ము పాడవకూడదన్న సద్బుద్ధితో మా అమ్మ అందులోని సంచులన్నిటినీ మా ఫ్రీజరులో గోంగూర పక్కన సర్దేసింది. సాయంత్రం కొబ్బరి కోరు కోసం తలుపు తీసినప్పుడు, గాలి తీసి అతికించిన ప్లాస్టిక్ సంచిలోంచి మంచు పట్టిన తెల్లటి చెవులు రెండు కనిపించాయి. ఆవిడ అరవలేదు. తలుపు మెల్లగా మూసి, కుర్చీలో కూర్చుని, "ఎవరివి నాయనా ఇవి?" అని మాత్రం అడిగింది.

గోంగూర పోయింది, కొబ్బరి పోయింది, కరివేపాకు పోయింది. కుందేళ్లు మాత్రం పోలేదు. మావాడి ఫ్రీజరులో చోటు లేదు, పారేయడానికి అవి చవకైనవీ కావు. పసుపునీళ్లతో కడిగిన తరువాత కూడా అమ్మ ఆ పై అరను మా ఇంటి లెక్కలోంచి కొట్టేసింది. మరుసటి నెల వచ్చిన పార్సిల్ నేరుగా మా తలుపే తట్టింది.

మా నాన్నగారు రెవెన్యూ శాఖలో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. ఆయన పామును చూడడానికి వెళ్లి ముందు పర్మిట్ చూపించమన్నారు; కళ్లజోడు పెట్టుకుని రెండు వైపులా చదివి, ఇండియాలోనైతే మన సొంత కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు కింద ఉందని, ఇంట్లో పెట్టుకున్నవాడు జైలుకు పోతాడని మావాడికి తెలియజెప్పారు. ఆ తరువాత కొంతసేపు ఆలోచించి, "ఊరి భూముల లెక్క రాసే అడంగల్‌లో రెండు గడులుంటాయోయ్. పట్టాదారు ఎవరన్నది ఒకటి, అనుభవదారు ఎవరన్నది మరొకటి. కాగితం ప్రకారం ఈ పాముకు పట్టాదారువు నువ్వు. ఫ్రిజ్ మాది, పెట్టె మోసింది మా అబ్బాయి, నువ్వు ఊరెళితే దీపం చూసేది మా కోడలు. అనుభవంలో ఉన్నది మేమయ్యా" అన్నారు. పెద్ద పాముల అమ్మకం మీద నేను చదివిన వాదాలన్నింటిలోకీ ఇది నాకు సూటిగా తగిలింది. అమ్మేవాడు ఒకరికే అమ్ముతాడు, పెంపకం మాత్రం చుట్టుపక్కల వారందరికీ పంచుతాడు.

నాగులచవితినాడు అమ్మ గ్లాసుతో పాలు పట్టుకుని పక్క ఫ్లాట్‌కు బయలుదేరింది. పాములు పాలు తాగవని మావాడు మొహమాటపడుతూ చెప్పాడు. "పుట్టలో పాము తాగుతుందని ఎవరు చెప్పారు నాయనా? మనం పోస్తాం, అంతే" అని అమ్మ ఆ పెట్టె ముందు గ్లాసు పెట్టి, దణ్ణం పెట్టుకుని వచ్చేసింది. ఆ పాలతో మావాడు కాఫీ పెట్టుకున్నాడని తరువాత తెలిసింది.

చవితి వెళ్లిన కొద్దిరోజులకే ఒక ఉదయం మావాడు చెప్పులైనా లేకుండా వచ్చి, "అన్నయ్యా, నూడుల్ కనిపించడం లేదు" అన్నాడు. పెట్టెకు రెండు గొళ్లాలు ఉంటే రాత్రి ఒకటే పడింది. ఆఫీసువారు అందరికీ ఈమెయిల్ పంపుతూ, భయం పుట్టించకూడదన్న ఉద్దేశంతో 'ఒక నివాసికి చెందిన సరీసృపం' అని రాసి, పొడవు రాయడం మానేశారు. దానితో ఎవరికి తోచినంత పొడవు వారు వేసుకున్నారు. పైగా మా పక్క ఊరైన గ్రాండ్ ప్రైరీలో 2021లో ఒకరి ఇంట్లోంచి పడమటి ఆఫ్రికా నాగుపాము తప్పించుకున్న సంగతి ఈ చుట్టుపక్కల ఎవరూ మరచిపోలేదు. ఆ పాముకు కూడా యజమాని దగ్గర పర్మిట్ ఉంది. కొండచిలువకు విషం ఉండదని మావాడు ప్రతి తలుపూ తట్టి చెప్పాడు; విషం లేకుండా మరి ఏం చేస్తుందని అడిగినవారికి మాత్రం జవాబు చెప్పలేక దిగివచ్చేశాడు.

గోడల వెంట పిండి చల్లి జాడ చూడాలని పాములు పెంచేవారు సలహా ఇస్తారట. ఇది విన్న వెంటనే మా అమ్మ బియ్యప్పిండి డబ్బా తీసింది. కాని చెయ్యి అలవాటు చొప్పున పోవడంతో పక్క ఫ్లాట్ గుమ్మం నుంచి లిఫ్టు దాకా చుక్కల ముగ్గు పడింది. మా అంతస్తులో కమోడ్ల మూతల మీద బరువులు వెలిశాయి. గోడల మధ్య పైపుల ఖాళీలోకి పాము దూరి ఉంటుందని అనుమానించిన ఆఫీసువారు, ఒక్క మేకుకు ఒప్పుకోని అదే గోడలో తల పట్టేంత కన్నాలు వరుసగా కోయించి, టార్చి వేసి చూసి, ఏమీ లేదని తేల్చారు.

అప్పుడు మా నాన్నగారు విచారణ చేపట్టారు. మావాడి హాలులో ఉన్న రిక్లైనరు సోఫాలో కూర్చుని, తెల్లకాగితం మీద తూర్పున వంటగది, పడమర బాల్కనీ అంటూ చౌహద్దులు రాసి, మావాడి వాంగ్మూలం, ఆఫీసు మేనేజరు వాంగ్మూలం వేరువేరుగా తీసుకున్నారు. మధ్యలో రెండుసార్లు టీ వచ్చింది. సాయంత్రానికి నడుము లాగి, కాళ్లు చాపుకుందామని సోఫా పక్కనున్న మీట లాగారు. అది కదలలేదు. గట్టిగా లాగారు. కింది పలక బెత్తెడు లేచి, ఏదో మెత్తటిది అడ్డుపడినట్టు ఆగిపోయింది. ఆయన వంగి చూశారు. సోఫా అడుగున కుట్టిన నల్లగుడ్డ ఒక అంచు వెంట చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి వల అల్లినట్టున్న పసుపూ నలుపూ చారల ఒళ్లు, తొందరేమీ లేకుండా, ఒక వైపు నుంచి మరొక వైపుకు జరుగుతోంది. నాన్నగారు లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, "ఆస్తి దొరికింది" అని ప్రకటించి, పంచనామాలో సమయం వేశారు.

కొండచిలువల పెదవుల వెంట వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి. ఆ హాలులో కదలకుండా ఎక్కువసేపు కూర్చున్న వెచ్చని ప్రాణి మా నాన్నగారే. నల్లగుడ్డ మొత్తం కోసి, మనిషికి మూడడుగుల చొప్పున పంచుకుని దాన్ని బయటికి తీస్తున్నప్పుడు, అది ఒక్కసారి బుస కొట్టడం తప్ప మరే అపకారమూ చేయలేదు. ఈ మాట చెప్పకపోతే నూడుల్ పట్ల అన్యాయమవుతుంది. పాములకంటే కుక్కలే ఎక్కువమందిని కరుస్తాయని పెంపకందారులు చెప్పేది కూడా నిజమే. చేతిలో ఇమిడే చిన్న జాతుల జోలికి నేను పోవడం లేదు. కాని పెద్దయ్యాక నలుగురు పట్టుకుంటే గాని లేవని జంతువును సాంబారు డబ్బాలో పెట్టి, దారిన పోయేవాడికి అమ్మడాన్ని వ్యాపారం అనడానికి నాకు మనసొప్పదు.

ఈ గొడవ సద్దుమణిగేలోగా మావాడికి ఫ్లోరిడాలోని టాంపాలో మంచి ఉద్యోగం వచ్చింది. జీతం ఎక్కువ, వాతావరణం వెచ్చన, నూడుల్‌కు కూడా బాగుంటుందని సంబరపడుతుంటే, నాన్నగారు నిబంధనలు తిరగేసి అడ్డు చెప్పారు. పెంపుడు పాముల దెబ్బ తిన్న రాష్ట్రం అది. 1990 తరువాత అమెరికాకు దిగుమతి అయిన బర్మా కొండచిలువలు లక్షకు పైమాటే. పెరిగినకొద్దీ భరించలేని యజమానులు వాటిని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో వదిలేశారు, 1992లో ఆండ్రూ తుఫానుకు ఒక పెంపక కేంద్రం కూలి మరికొన్ని బయటపడ్డాయి. ఇప్పుడు అక్కడ కుందేళ్లూ రకూన్లూ కనబడడమే అరుదు. 2013లో పోటీ పెడితే సుమారు 1,600 మంది నెల రోజులు గాలించి 68 పాములను పట్టారు. 2017లో తమిళనాడు నుంచి పాములు పట్టడంలో పేరుమోసిన ఇరుళ తెగవారిని ఇద్దరిని పిలిపిస్తే, వారు మొదటి రెండు వారాలలోపే 13 పట్టారు. ఈ ముక్క చదివినప్పుడు నాన్నగారు తెనాలివారే పట్టినంతగా సంతోషించారు. చివరికి 2021లో ఫ్లోరిడా బర్మా కొండచిలువలతో పాటు నూడుల్ జాతిని కూడా పెంపకానికి నిషేధించింది. కేంద్ర ప్రభుత్వం 2015లో ఈ జాతిని హానికర ప్రాణుల పట్టికలో చేర్చినా, రాష్ట్రాల మధ్య రవాణాను ఆపే అధికారం ఆ చట్టానికి లేదని 2017లో అప్పీలు కోర్టు చెప్పింది. "కేంద్రం పట్టుకుంది, కోర్టు విడిపించింది, రాష్ట్రం మళ్లీ పట్టుకుంది" అని నాన్నగారు ఫైలు మూశారు.

ఇక పామును ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది. జూవారు తమ దగ్గర ఉన్నవి చాలన్నారు. ఎక్స్‌పోలో అమ్మినవాడు తిరిగి తీసుకోవడం తన పద్ధతి కాదని, కావాలంటే కొత్త పిల్లలు వచ్చాయని చెప్పాడు. ఉచితంగా ఇస్తామంటే ఫోన్ చేసిన కుర్రాళ్లందరూ మొదట అడిగినది ఫోటో, రెండోది పొడవు. రెండో జవాబు విన్న తరువాత మరి మాట్లాడలేదు. ఆఖరికి టెక్సాస్‌లోనే వేకో అనే ఊరి అవతల పొలంలో షెడ్డు కట్టుకుని ఇలాంటి వదిలించుకున్న పాములనే చేరదీసే ఒక పెద్దాయన ట్రక్కు వేసుకుని వచ్చాడు. పర్మిట్ చూపించమని నాన్నగారు అడగబోతుంటే, అడగకముందే తీసి ఇచ్చాడు. పామును సంచిలో కట్టుకున్నాడు, పెట్టె ఎక్కించుకున్నాడు, దీపాలు తీసుకున్నాడు, తిండి ఏమైనా మిగిలిందా అని అడిగాడు.

అమ్మ ఫ్రీజరు చూపించింది. ఆయన సంచులు ఏరుకుంటుంటే, ఆ ఫ్రిజ్‌ను కూడా పట్టుకుపొమ్మనమని నా చేత ఇంగ్లీషులో చెప్పించింది. అది అపార్ట్‌మెంటువారిదని, మనం ఇవ్వడానికి లేదని చెప్పాను. అయితే వారినే అడుగుతానని, పైట దోపుకుని, నాన్నగారిని వెంటబెట్టుకుని ఆఫీసుకు బయలుదేరింది.