ఉత్తమ ఉద్యోగికి చామంతి దండ

బెజవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో మాది చిన్న చీరల కొట్టు. సరిగ్గా ఆషాఢం సేల్ ముందు కుర్రాళ్లు పక్క షాపులకు జారిపోతున్నారని వ్యాపారుల మీటింగులో మొత్తుకుంటే, ఒక ట్రైనరు తగిలాడు. "జీతం కాదు సార్, గుర్తింపు ఇవ్వండి" అన్నాడు. ఆ ముక్క చెప్పినందుకు ఆయన మాత్రం గుర్తింపు తీసుకోలేదు, చెక్కు తీసుకున్నాడు.

సరే, 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' అని కింద రాయించి, మా సీనియర్ సేల్స్‌మ్యాన్ ఫొటోకి ఫ్రేము కట్టించాం. గోడకి ఖాళీగా ఉన్న మేకు ఒక్కటే, మా నాన్నగారి ఫొటో పక్కన.

మా పూలాయనది నెలవారీ ఖాతా. పొద్దున్నే వస్తాడు, ఎవరితోనూ మాట్లాడడు, గోడకి ఫ్రేములో ఏది కనిపిస్తే దానికి దండ వేసి పోతాడు. ఒకసారి ట్రేడ్ లైసెన్సుకి కూడా వేశాడు. ఆ రోజు కొత్త ఫొటోకీ చామంతి దండ పడింది. కింద రాయించిన అక్షరాలన్నీ దండ వెనక్కి పోయాయి. అగరొత్తి ఎవరు గుచ్చారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఉత్తమ ఉద్యోగేమో సరుకు కోసం వస్త్రలత హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్లాడు.

మొదట వచ్చినావిడ ఫొటో చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, మొన్నేగా నాకు ఐదొందలు తగ్గించాడు!" ఆ ఐదొందల సంగతి నాకు అప్పుడే తెలిసింది. నేను పళ్లు నూరుకుంటుంటే ఏడుపు ఆపుకుంటున్నాననుకుని, ఆవిడ బేరం ఆడకుండా చీర తీసుకుంది. ఆషాఢంలో బేరం లేని అమ్మకం! ఆ సమయంలో నిజం చెప్పడానికి ఏ వ్యాపారికి నోరొస్తుంది?

తర్వాత ఒక రిటైర్డ్ పెద్దాయన. "ఈఎస్ఐ బీమా ఉందా బాబూ? అంత్యక్రియలకి 15 వేల దాకా ఇస్తారు."

రూల్సు అడిగితే రూల్సే వస్తాయి నోట్లోంచి. "పది మంది ఉంటేనే తప్పనిసరండీ. మా దగ్గర ఏడుగురే."

"ఇప్పుడు ఆరుగురు" అన్నాడాయన, నా భుజం తట్టి.

అంతలో చీరల మూట భుజాన వేసుకుని స్వర్గస్థుడు గుమ్మంలోకి వచ్చాడు. పెద్దాయన స్టూలు వెతుక్కుని కూలబడ్డాడు. అతను ఫొటో చూశాడు, దండ చూశాడు, మూట దించాడు.

"ఇందుకేనా సార్, ఈసారి నాకు ఇంక్రిమెంటు లేదన్నారు?"

ట్రైనరుకి ఫోన్ చేస్తే, "చూశారా, షాపంతా అతని గురించే మాట్లాడుకుంటోంది!" అని మురిసిపోయాడు. వచ్చే నెలకి మాత్రం ఎవరి పేరు చెప్పినా, "మా అమ్మ ఒప్పుకోదండీ" అంటున్నారు.