రాజీనామా చేసిన నా ప్యాంటు హుక్కు గారికి

అయ్యా,

మొన్న ఆదివారం మధ్యాహ్నం తమరు ఉద్యోగం వదిలేసిన తీరు గురించి ఈ ఉత్తరం. నోటీసు లేదు, ముందొక మాట లేదు. మా బావమరిది కొత్తింట్లో సత్యనారాయణ వ్రతం. ముప్ఫై మంది చాపల మీద కూర్చుని కథ వింటున్నాం. నాలుగో అధ్యాయం. పడవలో ఏముందని స్వామి అడిగితే ఆకులూ అలములూ తప్ప ఇంకేం లేవని షావుకారు అబద్ధమాడే చోటు. సరిగ్గా అప్పుడే మా తోడల్లుడు నా చెవి దగ్గరికి వంగి, "ఏంటన్నయ్య గారూ, కొంచెం ఒళ్ళు చేశారు?" అన్నాడు. "ఆ, ఒక కిలో, కిలోన్నర" అన్నాను. మాట పూర్తయ్యేలోపే తమరు ఎగిరి వెళ్ళి, ఇత్తడి పళ్ళెంలో అక్షింతల మధ్య టింగుమని పడ్డారు.

షావుకారుకైనా పడవ దాకా వెళ్ళి చూసుకునేంత టైమిచ్చాడు స్వామి. తమరు నాకు అదీ ఇవ్వలేదు.

పంతులుగారు చదవడం ఆపి, తమర్ని రెండు వేళ్ళతో పైకెత్తి, పసుపు దులిపి, "ఇది ఎవరిదండీ?" అన్నారు. ఎవరూ చెయ్యెత్తలేదు. నేనసలే ఎత్తలేదు. నా రెండు చేతులూ అప్పటికే ప్యాంటుకి కాపలా ఉన్నాయి. చివర్లో తాంబూలంతో పాటు తమర్ని కూడా తెచ్చి నా చేతిలోనే పెట్టారాయన. ఎవరిదో ముందే తెలిసినప్పుడు అందరి ముందూ అడగడం దేనికో!

తమరి దగ్గర దాచేదేముంది, 7 కిలోలండీ. సిగరెట్టు మానేసిన ఈ 143 రోజుల్లో పెరిగిన ప్రతి గ్రామూ అందరికంటే ముందు తెలిసింది మీకే.

డాక్టరు ముందే హెచ్చరించారు లెండి. మానేసినవాళ్ళు మొదటి ఏడాదిలో సగటున 4, 5 కిలోలు పెరుగుతారట. అందులో ఎక్కువ భాగం మొదటి మూణ్ణెల్లలోనే వచ్చేస్తుందట. నికోటిన్ ఆకలిని నొక్కిపెట్టి, ఒంట్లో పొయ్యిని కాస్త పెద్ద మంట మీద ఉంచుతుంది. అది ఆగగానే మంట తగ్గుతుంది, ఆకలి లేస్తుంది. దాదాపు ఆరుగురిలో ఒకరు బరువు తగ్గుతారని కూడా అన్నారు. ఆ ఒక్కడు ఏ ఊళ్ళో ఉన్నాడో, వాడి ప్యాంటు హుక్కు ఎంత సుఖపడుతోందో.

డాక్టరు చెప్పనిది ఒకటి నేనే కనిపెట్టాను. మా ఆఫీసు మూడో అంతస్తులో. లోపల కాల్చకూడదు కాబట్టి రోజుకు ఏడుసార్లు మెట్లు దిగి, రోడ్డు దాటి, కిళ్ళీ కొట్టు దాకా నడిచి, మళ్ళీ ఎక్కేవాణ్ణి. సిగరెట్టు మీదికి మనసు పోయినవాడికి లిఫ్టు కోసం ఆగే ఓపిక ఉండదు. అంటే రోజుకు 21 అంతస్తులు! ఇన్నేళ్ళూ నేను చేసిన ఏకైక వ్యాయామం సిగరెట్టే. దాన్ని మానేసి, ఏసీ కింద కుర్చీకి అతుక్కుపోయి, ఆ ఏడు విరామాలకీ ఏడు పొట్లాలు తెచ్చిపెట్టుకున్నాను. పల్లీ పట్టీ, కారప్పూస, నాలుగింటికి పకోడీ. పదకొండయ్యేసరికి చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోతుంది. అక్కడ పెట్టె ఉండదు. ఊరికే వెనక్కి రాలేక టేబుల్ సొరుగు లాగుతుంది.

నాలుక కథ వేరు. రెండో వారంలో ఒక సాయంత్రం కింది ఫ్లాట్లోంచి ఇంగువ తాలింపు వాసన మా బాల్కనీలోకి వచ్చింది. అంతకుముందూ రోజూ వచ్చే ఉంటుంది, నా ముక్కే ఊళ్ళో లేదు. ఆ రాత్రి పులుసు కలుపుకుని మొదటి ముద్ద పెట్టుకోగానే, "ఇవాళ మెంతులు వేశావా?" అని మా ఆవిణ్ణి అడిగాను. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పద్నాలుగేళ్ళుగా వేస్తున్నాను. ఇన్నాళ్ళూ ఎవరికి వండానంటారు?"

జవాబు తోచక ఇంకోసారి అన్నం పెట్టించుకున్నాను. అప్పటినుంచి రోజూ రెండు పూటలా అదే జవాబు చెబుతున్నాను.

మిగతా దోషులు కూడా ఉన్నారు. ఇంట్లో బరువు మిషనుకి ఒక్కో టైలు మీద ఒక్కో అభిప్రాయం. ఫోనేమో రోజుకు 10 వేల అడుగులు వెయ్యమని నస పెడుతుంది. తీరా చూస్తే ఆ లెక్క 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మిషను అమ్ముకోవడానికి దానికి పెట్టిన పేరులోంచి వచ్చిందట. జిమ్ముకి మూణ్ణెల్ల డబ్బు కట్టి నాలుగు రోజులు వెళ్ళాను. ఆ నాలుగు రోజులూ ఇంటికొచ్చి మామూలు కంటే ఎక్కువ తిన్నాను.

వీళ్ళందర్నీ క్షమించేశాను. తమర్నీ క్షమించేవాణ్ణే. మా బాబాయిని మాత్రం నా వల్ల కాదు.

వ్రతం అయ్యాక భోజనాలు. తమరి ఖాళీలో మా ఆవిడ పిన్నీసు డ్యూటీ చేస్తోంది. ఎదుటి వరసలో కూర్చున్న బాబాయి, బంతి మొత్తానికి వినపడేలా, "ఒరేయ్, నువ్వు సిగరెట్లు కాల్చే రోజులే నయంరా. మనిషి చక్కగా ఉండేవాడివి. మానేసి ఏం బావుకున్నావ్?" అన్నాడు.

ఎవరీ మనిషి? పన్నెండేళ్ళు నా పక్కన కూర్చోవాల్సి వస్తే కుర్చీ దూరంగా జరుపుకున్నవాడు. సిగరెట్టు పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక అచ్చేసింది చాలదన్నట్టు, పొద్దున్నే వాట్సాప్‌లో నల్లబడ్డ ఊపిరితిత్తుల ఫొటోలు పంపినవాడు. బరువు పెరిగినా మానేసినందుకు గుండెకి దక్కే మేలు ఎక్కడికీ పోదని డాక్టరు చెప్పారన్నాను. "డాక్టర్లు అలాగే అంటార్లే" అన్నాడు. పన్నెండేళ్ళూ నన్ను తిట్టింది ఆ డాక్టర్ల పేరు చెప్పే కదయ్యా!

ఆ మాటైనా ఆయన సొంతం కాదు. 1928లో అమెరికాలో లక్కీ స్ట్రైక్ సిగరెట్లవాళ్ళు "తీపి బదులు లక్కీ అందుకోండి" అని ప్రకటనలు వేసి, సన్నగా ఉంటారని ఆశపెట్టి ఆడవాళ్ళకి సిగరెట్లు అలవాటు చెయ్యాలని చూశారు. మిఠాయి వ్యాపారులు లబోదిబోమన్నారు. దాదాపు వందేళ్ళ తర్వాత మా బాబాయి అదే ప్రకటనని నయాపైసా తీసుకోకుండా వినిపిస్తున్నాడు, మూడో బూరెలో నెయ్యి పోయించుకుంటూ.

మానేసిన మూడో రోజు రాత్రి రెండింటికి నేను బాల్కనీలో నిలబడి లవంగం నములుతూ, కింద వాచ్‌మన్ బీడీ చివర నిప్పుచుక్కని గుడ్లప్పగించి చూస్తుంటే, అప్పుడెక్కడున్నావ్ బాబాయ్? మావాడు పెన్సిల్ చెక్కిపెట్టమంటే ఇల్లెగిరిపోయేలా అరిచి, వాడు పడుకున్నాక వాడి డబ్బాలో ఉన్న ఆరు పెన్సిళ్ళూ చెక్కిపెట్టాను. అది చూశావా? రోజుకు పన్నెండు చొప్పున 1,716 సిగరెట్లు నేను కాల్చలేదు. కాల్చని సిగరెట్లు తెచ్చి చాప మీద పోసి చూపించమంటే ఎలా చూపించను? పొట్ట ఒక్కటే కనపడుతుంది అందరికీ. నీకూ అంతే కదరా హుక్కూ, బట్టలో ఒక్కో దారం పట్టు వదిలింది ఎవడు చూశాడు? ఎగిరి పళ్ళెంలో పడితేనే అందరూ తల తిప్పారు.

నిజం చెప్తున్నా, ఆ సాయంత్రం బస్సు దిగి తిన్నగా కిళ్ళీ కొట్టుకే వెళ్ళాను. బాబాయి అన్నదే నిజమేమో అనిపించింది. ఒక్కటంటే ఒక్కటి. "ఏంటి సార్, బొత్తిగా నల్లపూసైపోయారు" అంటూ కొట్టతను అలవాటుగా ఆ పెట్టె మీదే చెయ్యేశాడు. డబ్బుల కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. వేలికి చురుక్కుమని గుచ్చుకున్నావ్. పద్నాలుగేళ్ళు సిగరెట్టు పెట్టె ఉన్న చోట పసుపంటుకుని నువ్వున్నావ్. ఎందుకో నవ్వొచ్చింది. నిమ్మ సోడా తాగి ఇంటికొచ్చేశాను.

నిన్న నిన్నూ ప్యాంటునీ దర్జీకిచ్చాను. వెనక కుట్టు తిరగేసి చూసి, "లోపల బట్ట ఉంది సార్. ఒకటిన్నర అంగుళం దాకా వదలొచ్చు. అది కూడా అయిపోతే కొత్తది కుట్టించుకోవడమే" అన్నాడు. అర అంగుళమే వదలమన్నాను. మిగతా అంగుళం లోపలే ఉండనీ. ఇప్పుడే కడుపు మాడ్చుకోవద్దనీ, ఆకలికి చిర్రెత్తితే చెయ్యి మళ్ళీ సిగరెట్టు మీదికే పోతుందనీ డాక్టరు గట్టిగా చెప్పారు. అందుకని సొరుగులో పొట్లాలు తీసేసి పుట్నాలూ కీరా ముక్కలూ పెట్టాను. పదకొండింటికీ నాలుగింటికీ మెట్లు దిగి, రోడ్డు దాటి, కొట్టు దాకా వెళ్ళి, ఆయనకి చెయ్యూపి తిరిగొస్తున్నాను. ఏడుసార్లూ కాదు, రెండేసార్లు. ఆయాసం మాత్రం మునుపటంత రావట్లేదు.

బుధవారం ఇస్తానన్నాడు దర్జీ. ఈసారి నిన్ను డబల్ దారంతో కుడతాడట. వచ్చే నెల బాబాయి మనవడి అన్నప్రాసన ఉంది, బంతి భోజనాలే. ఆ ఒక్కరోజూ సెలవడక్కు.

ఇట్లు,
తమరి నడుము