జెఫర్సన్ జ్ఞాపకాన్ని సరిదిద్దిన ఉత్తరాలు

అమెరికా మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ 1821లో, 77 ఏళ్ల వయసులో, ఆత్మకథ రాస్తూ ఒకచోట ఆగి తన తప్పు ఒప్పుకున్నాడు. తన దేశం మీదుగా వెళ్లేందుకు జాన్ లెడ్యార్డ్ అనే యాత్రికుడికి రష్యా మహారాణి కేథరిన్ ముందు అనుమతి ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకుందని ఆయన అంతకుముందు రాసి ఉన్నాడు. పాత ఉత్తరాలు తీసి చూస్తే ఆమె మొదట్లోనే కాదందని తేలింది. 26 ఏళ్లలో ఆ పొరపాటు మనసులో పాతుకుపోయిందని, అనుమానమే రాలేదని చెప్పుకున్నాడు.

నాకు ఈ పేరా చాలా ఇష్టం. అంతటి మనిషి తన జ్ఞాపకం కన్నా ఒక కాగితాన్ని ఎక్కువగా నమ్మాడు.

లెడ్యార్డ్ 1751లో కనెక్టికట్‌లో పుట్టాడు. డార్ట్‌మత్ కాలేజీ వదిలేసి, మాను తొలిచిన దోనెలో నది వెంట వెళ్లిపోయాడు. ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ మూడో యాత్రలో పసిఫిక్ చూశాడు. ఆపైన ఒకటే పట్టు: రష్యా దాటి, అమెరికా పశ్చిమ తీరంలో దిగి, ఖండం అడ్డంగా నడిచి ఇల్లు చేరాలి. ప్యారిస్‌లో రాయబారిగా ఉన్న జెఫర్సన్ ఆయన తరఫున అనుమతి అడిగించాడు. ఇది జరిగే పని కాదని మహారాణి కొట్టిపారేసిందని 1786 ఆగస్టు 16న లెడ్యార్డ్‌కు స్వయంగా రాసింది కూడా జెఫర్సనే.

అయినా లెడ్యార్డ్ ఆగలేదు. నడిశీతాకాలంలో స్వీడన్, ఫిన్లాండ్‌ల మధ్య ఉన్న బోత్నియా సింధుశాఖ చుట్టూ నడిచి సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాడు. అక్కణ్నుంచి 1787 మార్చి 19న రాసిన ఉత్తరంలో తన దగ్గర రెండే చొక్కాలున్నాయని, షిల్లింగులు అంతకన్నా తక్కువని చెప్పాడు. ఆయన పేదరికం గురించి ఎవరెన్ని పేజీలు రాసినా ఈ ఒక్క మాటకు సాటి రావు.

సైబీరియాలోని బర్నౌల్ నుంచి జులైలో రాసిన ఉత్తరం ఇంకా విలువైనది. తాతార్లూ అమెరికా ఆదివాసులూ ఒకే జనమని, మధ్యలో చిన్న సముద్రం అడ్డు రాకపోతే ఒకే పేరుతో ఉండేవారని రాశాడు. ఇరువైపులా మనుషుల్ని కళ్లారా చూసి అన్న మాట అది. ‘ఒకే జనం’ అనడం అతిగా తేల్చేయడమే. కానీ అమెరికా ఆదివాసుల పూర్వీకులు సైబీరియా వైపు నుంచే వచ్చారని జన్యుశాస్త్రం ఇప్పుడు చెబుతోంది.

ఉత్తరాలు తిరగేశాక కూడా జెఫర్సన్ పూర్తిగా సరిదిద్దుకోలేదు. లెడ్యార్డ్‌ను రష్యా తూర్పు కొసన ఉన్న కమ్చట్కాకు 200 మైళ్ల దూరంలో మహారాణి మనుషులు పట్టుకున్నారని అదే ఆత్మకథలో ఉంది. నిజానికి ఆయన యాకుట్స్క్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. 1788 ఫిబ్రవరిలో అరెస్టయింది ఇర్కుట్స్క్‌లో, కమ్చట్కాకు వేల కిలోమీటర్ల ఇవతల. ‘ఇంకాస్తలో చేరేవాడే’ అన్న కథ ఎంతైనా వినసొంపు. చరిత్ర రాసేవాళ్లు జాగ్రత్తపడాల్సింది అలాంటి వాక్యాల దగ్గరే.

పోలండ్ సరిహద్దు దాకా తెచ్చి వదిలేశారు. నెలలు తిరక్కుండానే లండన్ నుంచి ఆఫ్రికా అన్వేషణకు బయల్దేరాడు. బతికి బయటపడితే కెంటకీ వెళ్లి పడమటి సముద్రానికి దారి వెతుకుతానని జెఫర్సన్‌కు మాటిచ్చాడు. కైరో నుంచి ఆయనకు చివరి ఉత్తరం రాసింది 1788 నవంబర్ 15న. జనవరిలో అక్కడే కన్నుమూశాడు. అప్పటికి 37 ఏళ్లు.