ఆ అంకె రిపోర్టులో రాయాలి

అర్ధరాత్రి బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి తెల్లారేసరికి కుడివైపు కిందికి దిగుతుంది. వాంతులు, కాస్త జ్వరం. మన ఊళ్లలో దీన్ని ఇప్పటికీ '24 గంటల కడుపునొప్పి' అంటారు. ఆస్పత్రిలో అపెండిసైటిస్ (పెద్దపేగు మొదట్లో తోకలా ఉండే అపెండిక్స్ వాపు) అని అనుమానించి సీటీ స్కాన్ రాస్తారు. కుర్రాడిని బల్ల మీద పడుకోబెడతారు. చేతి నరంలోకి కాంట్రాస్ట్ (స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనిపించేలా ఎక్కించే అయోడిన్ మందు) ఎక్కగానే ఒళ్లంతా వేడి పాకుతుంది, నోట్లో ఇనుము నాకినట్టుంటుంది. 'ఊపిరి బిగబట్టండి' అంటుంది మెషీన్. తలుపు బయట అమ్మానాన్నలకు ఒకటే టెన్షన్. రేడియేషన్ ఎంత ఇచ్చారని ఆ సమయంలో వాళ్లేం అడగగలరు? అది చూసుకోవాల్సింది ఆస్పత్రే.

సీటీ వద్దని మేం అనం. అనవసరపు ఆపరేషన్లను చాలావరకు తప్పించింది అదే. ఒక్క స్కాన్ రేడియేషన్‌తో వచ్చే క్యాన్సర్ ముప్పు కూడా చిన్నదే. కానీ ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది పిల్లలకు, యువకులకు. వాళ్లకు ముందు ఎంతో జీవితం ఉంది, ఇంకెన్ని స్కాన్లు అవసరపడతాయో ఎవరికి తెలుసు?

దక్షిణ కొరియాలోని బుందాంగ్ ఆస్పత్రి వైద్యులు 15 నుంచి 44 ఏళ్ల వయసున్న 891 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మామూలు మోతాదులో నాలుగో వంతుకన్నా తక్కువ రేడియేషన్‌తో స్కాన్ తీశారు. ఆపరేషన్ చేశాక అపెండిక్స్ బాగానే ఉందని తేలిన కేసులు తక్కువ మోతాదు జట్టులో 3.5 శాతం, మామూలు జట్టులో 3.2 శాతం. ఇది 2012 నాటి మాట. తర్వాత 20 ఆస్పత్రుల్లో మూడు వేల మందికి పైగా రోగులపై 2 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి అందే రేడియేషన్‌ను కొలిచే యూనిట్) స్కాన్‌ను పరీక్షిస్తే అలాంటి కేసులు తక్కువ మోతాదు జట్టులో 3.9, మామూలు జట్టులో 2.7 శాతం వచ్చాయి. తేడా ఉంది, అయినా ఇంతవరకైతే ఫర్వాలేదని పరిశోధకులు ముందే గీసుకున్న హద్దు దాటలేదు. మనిషికి ప్రకృతి నుంచే ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతాయి. ఆ స్కాన్ దానికన్నా తక్కువే.

రేడియేషన్ తగ్గించడానికి మెషీన్ వోల్టేజీ తగ్గిస్తే కాంట్రాస్ట్‌లోని అయోడిన్ మరింత తెల్లగా కనిపిస్తుంది. కాబట్టి సన్నగా ఉన్నవారికి తక్కువ మందు ఎక్కించినా సరిపోతుంది. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి ఇది పెద్ద ఊరట. లావుగా ఉన్నవారిలో మాత్రం బొమ్మ మసకబారుతుంది, వాళ్లకు రేడియేషన్ మోతాదు పెంచక తప్పదు.

మాకు బాధ కలిగించేది మరొకటి. కాంట్రాస్ట్ లేకుండా ఒకసారి, ఎక్కించాక ఇంకోసారి తీస్తే రేడియేషన్ దాదాపు రెట్టింపవుతుంది. అపెండిక్స్ చూడటానికి కాంట్రాస్ట్‌తో ఒక్కసారి తీస్తే చాలు. పిల్లలకు, గర్భిణులకు ముందు అల్ట్రాసౌండ్ చేయాలి. అందులో తేలకపోతేనే తర్వాతి ఆలోచన.

స్కాన్ పూర్తికాగానే రేడియేషన్ మోతాదు మెషీన్ స్క్రీన్ మీదే కనిపిస్తుంది. ఆ అంకెను రిపోర్టులో ఒక వరుసగా రాయడానికి పైసా ఖర్చు లేదు. సీటీ మెషీన్లకు లైసెన్సులిచ్చే అణుశక్తి నియంత్రణ మండలి, రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు దీన్ని ప్రతి స్కాన్ సెంటర్‌కూ తప్పనిసరి చేయాలి.