సంపులో మైలుతుత్తం పోయమన్నది ఎవరు?

ఆ మెసేజ్ ఈ నెలలో నాకు తొమ్మిదోసారి వచ్చింది. మొదట కాలనీ గ్రూపులో, తర్వాత స్కూలు స్నేహితుల గ్రూపులో, నిన్న రాత్రి మా బావగారి దగ్గర్నుంచి. పైన కోనోకార్పస్ చెట్టు ఫోటో. "మీ స్విమ్మింగ్ పూల్‌నీ, సంపునీ, తామర కొలనునీ పగలగొట్టే రాక్షస చెట్టు" అని మొదలై, కింద ఆరు పాయింట్లు. ఇళ్ల తోటల్లో కొలనులు కట్టడం, లీకులు మూయడం నా పని. మొదటి ఐదూ చదివి వదిలేద్దును. ఆరోది చూశాక ఊరుకోలేకపోయాను.

ఒకటి, ఆ చెట్టు ఆక్సిజన్ పీల్చుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుందట. ఆకు పచ్చగానే ఉంది కదా? పగలు మీ పెరట్లో వేపచెట్టు చేసే పనే అదీ చేస్తుంది. నిజానికి ఇది మన తెల్లమద్దికీ, కరక్కాయ చెట్టుకీ చుట్టమే, అదే కుటుంబం.

రెండు, పక్షులు వాలవట. పూల్ లీకుకీ పక్షికీ సంబంధం ఏమిటో రాసినవాళ్లే చెప్పాలి.

మూడు, కొబ్బరి, వెదురు కూడా అంతే ప్రమాదమట, కొట్టించేయాలట. కొబ్బరి వేరు తాడులా వస్తుంది, ఏళ్లు గడిచినా లావెక్కదు. వెదురులో పాకే రకాలు ఉన్నాయి, వాటి మొలక ప్లాస్టిక్ షీటు పరిచిన కొలనుని పొడిచేస్తుంది. కానీ మన ముళ్లవెదురు పొదగా పెరిగేది. కాపుకొచ్చిన కొబ్బరిచెట్టుని ఒక ఫార్వర్డ్ చూసి నరికించకండి.

నాలుగు, వేరు కాంక్రీటు గోడను చీల్చుకుని లోపలికి వస్తుందట. ఇక్కడే అసలు తప్పు. గోడ గట్టిగా ఉంటే వేరుకి లోపల నీళ్లున్న సంగతే తెలియదు. ముందు నీళ్లు బయటికి వస్తాయి, ఆ తడి వెంట వేరు లోపలికి వస్తుంది. గత వేసవిలో ఒకరింట్లో తామర కొలను ఖాళీ చేయించాం. పైపు గోడలోంచి వచ్చే చోట, చుట్టూ పూసిన సిమెంటు ముడుచుకుపోయి గోరు పట్టేంత సందు. అందులోంచి దారమంత వేరు దూరి, లోపల గుర్రం తోకంత కుచ్చు అయింది. ఎర్రగా, తడిసిన కొబ్బరిపీచులా ఉంది. బయట తవ్వితే అదే వేరు బొటనవేలంత లావు. గోడకి మాత్రం ఎక్కడా పగులు లేదు. సందు వదిలింది మేస్త్రీ, పేరు చెట్టుకి వచ్చింది.

ఇంతకీ మీ పూల్ లీకవుతోందో లేదో ముందు చూసుకున్నారా? బకెట్‌లో నీళ్లు పోసి పూల్ మెట్టు మీద పెట్టండి. రెండింటి మట్టానికీ గీత గీయండి. మర్నాడు రెండూ ఒకేలా తగ్గితే అది ఎండ. పూల్ ఎక్కువ తగ్గితే లీకు.

ఐదు, చెట్టు మొదలు దగ్గర కల్లుప్పు పోస్తే అది చచ్చిపోతుందట. ఉప్పునేలల్ని తట్టుకుంటుందనే కదా గల్ఫ్ దేశాల్లో రోడ్ల పక్కన దీన్ని నాటారు! పక్కనున్న మల్లె, గులాబీ పోతాయి, కాంక్రీటులో ఇనుము తుప్పు పడుతుంది, ఇది మాత్రం నిలబడే ఉంటుంది.

ఇక ఆరోది. "అర కిలో మైలుతుత్తం సంపులోనో కొలనులోనో కలిపితే వేర్లు మాడిపోతాయి, నీటికి ఏమీ కాదు." ఏమీ కాదా? మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, అందులో నాలుగో వంతు రాగి. అర కిలోలో 125 గ్రాముల పైమాటే. పది వేల లీటర్ల సంపులో కలిపితే లీటరుకి 12 మిల్లీగ్రాములు దాటుతుంది. తాగేనీటిలో రాగి 0.05 మిల్లీగ్రాములు మించకూడదనీ, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చనీ మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. ఆ పై హద్దుకి కూడా ఇది ఎనిమిది రెట్లు! వాంతులు, కడుపునొప్పి పట్టుకుంటాయి, అదీ ముందు పిల్లలకి. కాచినా రాగి పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కొలనులో చేపలకైతే ఇందులో పదో వంతు కూడా అక్కర్లేదు, మొప్పలు దెబ్బతిని తేలిపోతాయి. ఇంత చేసినా చచ్చేది నీళ్లలో ఉన్న కుచ్చు మాత్రమే. బయట చెట్టు బతికే ఉంటుంది, సందు తెరిచే ఉంటుంది, మళ్లీ వేరు వస్తుంది. ఇది రాసిన మనిషి తన సంపులో కలుపుకుని, ఆ నీళ్లతో కాఫీ పెట్టుకుని తాగాడా?

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. నీటి దగ్గర కోనోకార్పస్ నాటొద్దని ఆ మెసేజ్‌లో ఉంది. అది నిజం. గుజరాత్ 2023లోనే దీన్ని నాటొద్దని ఆపేసింది. త్వరగా పచ్చగా కమ్ముకుంటుందని నేనే ఒకరింట్లో కొలనుకి పన్నెండు అడుగుల దూరంలో వరసగా నాటించాను. తప్పు నాదే, నా ఖర్చుతోనే తీయించాను. నరికి వదిలేస్తే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది, మోడుతో సహా తవ్వించాలి. తర్వాత వేరు కోసేసి, సందు శుభ్రం చేసి, నీటి తడిలోనూ గట్టిపడే సిమెంటుతో మూయించండి.

ఇప్పటికే మైలుతుత్తం కలిపినవాళ్లు ఆ నీళ్లు తాగొద్దు, వంటకి వాడొద్దు, పశువులకి పెట్టొద్దు, కాలవలోకీ చెరువులోకీ వదలొద్దు. సంపు కడిగేటప్పుడు అడుగున పేరుకున్న మడ్డి అంతా ఎత్తించండి, రాగి అందులోనే ఎక్కువ ఉంటుంది. నీళ్లు పరీక్ష చేయించి, రాగి ఎంతుందో కాగితం మీద చూశాకే మళ్లీ కుళాయి తిప్పండి. బావగారూ, మీరు నిన్న ఎంతమందికి పంపారో వాళ్లందరికీ ఇది కూడా పంపండి.