బ్లూమెన్‌డాల్‌లో ఇల్లు: జీతం చాలదు, పాత ఇల్లుండాలి

ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్‌లో జాండ్‌ఫోర్ట్ రైలెక్కితే, హార్లెమ్ దాటగానే వచ్చే చిన్న స్టేషన్ ఓవర్‌వేన్. అరగంట కూడా పట్టదు. స్టేషన్ నుంచి పడమరగా నడిస్తే కాసేపట్లో ఇసుకదిబ్బలు మొదలవుతాయి. వాటి మీద పైన్ చెట్లు, ముళ్లపొదలు ఉంటాయి. కంచె వేసిన ఒక భాగంలో 2007 నుంచి యూరప్ బైసన్‌లు తిరుగుతున్నాయి. వీటన్నిటికీ అవతల ఉత్తర సముద్రం. స్టేషన్‌కు ఈ పక్కన పెద్ద పెద్ద తోటల మధ్య రెల్లుగడ్డి కప్పిన విల్లాలు కనిపిస్తాయి. ఇది బ్లూమెన్‌డాల్ మున్సిపాలిటీ. ఓవర్‌వేన్, ఆర్డెన్‌హౌట్, ఫోగెలెన్‌జాంగ్, బెన్నెబ్రూక్, బ్లూమెన్‌డాల్ అనే అయిదు ఊళ్లు కలిసి జనాభా 23 వేల పైచిలుకు. మున్సిపాలిటీ ఏటా ఇంటికి కట్టే అధికారిక విలువను డచ్చివాళ్లు వోజ్ అంటారు. ఆ విలువ దేశంలో సగటున 4 లక్షల యూరోల దరిదాపుల్లో ఉంటే, ఇక్కడ 10 లక్షల చుట్టూ ఉంది. మన లెక్కలో సుమారు పది కోట్ల రూపాయలు. అదీ సగటు ఇంటికి.

ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి ఆమ్‌స్టెల్‌వేన్‌లోనో హూఫ్‌డార్ప్‌లోనో అద్దెకుండే తెలుగు కుటుంబాల్లో ఇల్లు కొనాలన్న మాట లేచినప్పుడు ఈ తీరం పేరు ఒక్కసారైనా వస్తుంది. ఆదివారం పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్లి తిరిగొస్తూ, దారిలో 'అమ్మకానికి' బోర్డు చూసి ఫోన్‌లో ఇళ్ల అమ్మకాల వెబ్‌సైటు ఫుండా తెరవడం మామూలే. ఇద్దరికీ మంచి ఉద్యోగాలే. ఇంకాస్త బిగపట్టుకుంటే అందదా అనిపిస్తుంది. బిగపట్టుకున్నంత మాత్రాన అందే ఊరు కాదన్నది నా అభిప్రాయం. ఇక్కడ ఇల్లు కొంటున్నది జీతం కాదు, ఇదివరకే ఉన్న ఇంకో ఇల్లు. దీన్ని మార్కెట్ మహిమ అని వదిలేయడం సరికాదు. డచ్ ప్రభుత్వ సాయం ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ అడ్డూ ఆపూ లేకుండా పారుతుందో చూస్తేనే ఈ ఊరి సంగతి అర్థమవుతుంది.

ముందు లెక్క చూద్దాం. ఉదాహరణకు ఒక ఇంటికి 9 లక్షల యూరోలు అడుగుతున్నారు. పోటీ ఉందని మీరు 9 లక్షల 60 వేలు ఇస్తామన్నారు, ఇల్లు మీకే వచ్చింది. బ్యాంకు తరఫున విలువ కట్టే నిపుణుడు 9 లక్షల 30 వేలని తేల్చాడు. 2018 నుంచి నెదర్లాండ్స్‌లో గృహరుణం ఇంటి విలువకు నూటికి నూరు శాతం వరకే. మన దగ్గరిలా 20 శాతం చేతి డబ్బు అడగరు, అది నిజంగా పెద్ద వెసులుబాటు. అయితే ఆ నూరు శాతం మీరు పాడిన ధరకు కాదు, నిపుణుడు కట్టిన విలువకు. కాబట్టి పైనున్న 30 వేలు మీ జేబులోంచి రావాలి. బదిలీ పన్ను 2 శాతం, అంటే 19,200 యూరోలు. నోటరీ, విలువ కట్టినవారు, రుణ సలహాదారు, మీ తరఫు ఏజెంట్, వీళ్లందరి ఫీజులూ కలిపి ఇంకొన్ని వేలు. 'కోస్టెన్ కోపర్' అని ధర పక్కన రాసేది దీనికే, ఖర్చులు కొనేవాడివని. మొత్తం 55 నుంచి 60 వేల యూరోల సొంత డబ్బు ముందుగా సిద్ధంగా ఉండాలి.

ఇక రుణం. ఇక్కడ బ్యాంకు అధికారితో మాట్లాడుకుని పెంచుకునే పద్ధతి లేదు. ఏ ఆదాయానికి ఎంత అప్పు ఇవ్వవచ్చో ఏటా ప్రభుత్వ నియమాలే పట్టిక వేస్తాయి. స్థూలంగా ఏడాది ఆదాయానికి నాలుగున్నర, అయిదు రెట్లు. 2023 నుంచి భార్యాభర్తల్లో రెండో జీతాన్ని కూడా పూర్తిగా లెక్కలోకి తీసుకుంటున్నారు. అయినా 9 లక్షల 30 వేల అప్పు రావాలంటే ఇద్దరికీ కలిపి ఏడాదికి దాదాపు 2 లక్షల యూరోలు ఉండాలి. ఆ దేశంలో సాధారణ ఉద్యోగి జీతానికి గుర్తుగా వాడే అంకె ఏడాదికి 45 వేల యూరోల అటూ ఇటూ. పేరున్న సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేసే దంపతులకు కూడా 2 లక్షలు అరుదు. కాంట్రాక్టు తాత్కాలికమైతే, పర్మనెంట్ చేస్తామన్న ఉద్దేశాన్ని కంపెనీ రాసిచ్చే పత్రం కావాలి. తాత్కాలిక నివాస అనుమతి మీద ఉన్నవాళ్లకు కొన్ని బ్యాంకులు అసలు ఇవ్వవు, కొన్ని షరతులు పెడతాయి.

మరి ప్రభుత్వ సాయమో? ఉంది, బాగానే ఉంది. 35 ఏళ్లు నిండనివాళ్లు తాము ఉండటానికి ఇల్లు కొంటే ఒక్కసారి బదిలీ పన్ను పూర్తిగా మాఫీ, 2025లో 5 లక్షల 25 వేల యూరోల ఇంటి వరకు. అప్పుకు జాతీయ హామీ పథకం ఉంది. ఉద్యోగం పోయి ఇల్లు నష్టానికి అమ్ముకోవాల్సి వస్తే మిగిలిన బాకీని ఆదుకునేది అదే. దాని వల్ల వడ్డీ కూడా కాస్త తగ్గుతుంది. దానికి 2025 పరిమితి 4 లక్షల 50 వేలు. బ్లూమెన్‌డాల్‌లో సగటు ఇల్లు ఈ రెండు గీతలకూ దాదాపు రెట్టింపు ఎత్తులో ఉంది. మొదటి ఇల్లు కొనేవాళ్లకు చాచిన చేయి ఈ ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోతుంది.

ఆగనిది ఇంకొకటుంది: గృహరుణ వడ్డీని ఆదాయంలోంచి మినహాయించే వెసులుబాటు. దానికి ఇంటి ధర మీద గానీ అప్పు మొత్తం మీద గానీ పరిమితి లేదు. 2013 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లు 30 ఏళ్లలో అసలుతో సహా తీర్చే అప్పు తీసుకుంటేనే మినహాయింపు. దాని గరిష్ఠ రేటును కూడా ఏళ్ల తరబడి తగ్గిస్తూ వచ్చి 2025 నాటికి 37.48 శాతానికి తెచ్చారు. అయినా లెక్క వేసి చూడండి. 4 శాతం వడ్డీకి 3 లక్షల 50 వేలు అప్పు తెచ్చినవారికి మొదటి ఏడాది వడ్డీ 14 వేలు, పన్నులో మిగిలేది సుమారు 5,250 యూరోలు. 9 లక్షలు తెచ్చినవారికి వడ్డీ 36 వేలు, మిగిలేది 13 వేల 500 దాకా. సొంతింట్లో ఉన్నందుకు పన్ను లెక్కలో మీ ఆదాయానికి కలిపే ఊహాత్మక మొత్తం ఇందులోంచి కొంత తీసేస్తుంది. వోజ్ విలువలో 0.35 శాతం అది. 2025లో 13 లక్షల 30 వేలు దాటిన భాగానికి మాత్రం 2.35 శాతం, జనం నోట 'విల్లా పన్ను'. ఇవన్నీ పోగా కూడా పెద్ద ఇంటివారికే ఎక్కువ సాయం అందుతోంది. పేదింటి అమ్మాయికి గీత గీసి, ధనికుడికి గీత చెరిపేసిన విధానమిది. దీన్ని సరిదిద్దాలంటే అప్పుకు ఒక పరిమితి పెట్టి, ఆ పైన వడ్డీకి మినహాయింపు లేదంటే చాలు.

వడ్డీ కంటే బలమైన ఆయుధం ఇంకోటి ఉంది. డచ్ భాషలో 'ఓవర్‌వార్డె' అంటారు. ఇంటి విలువలోంచి అప్పు తీసేస్తే మిగిలేది. 2008 తర్వాత పడిపోయిన డచ్ ఇళ్ల ధరలు 2013లో అడుగంటాయి. అప్పట్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక మామూలు ఫ్లాటు కొన్నవారి ఆస్తి ఆ తర్వాత దశాబ్దంలో రెట్టింపు దాటింది. నివసించే సొంత ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను లేదు. ఆ లాభం పట్టుకుని వాళ్లు ఓవర్‌వేన్‌కు వస్తారు. తల్లిదండ్రులు ఇంటి కోసం పిల్లలకు దాదాపు లక్ష యూరోల దాకా పన్ను లేకుండా ఇచ్చే సౌకర్యం కూడా ఉండేది. దాన్ని 2023లో బాగా కుదించి 2024లో ఎత్తేశారు, మంచి పని చేశారు. అప్పటికే చేతులు మారినదైతే మారిపోయింది. 2 లక్షల జీతంతో వచ్చిన కొత్త దంపతులు, లక్షా 20 వేల జీతం, 4 లక్షల ఓవర్‌వార్డె ఉన్న పాత దంపతులు ఒకే ఇంటికి పోటీ పడితే, 'రుణం దొరక్కపోతే ఒప్పందం రద్దు' అనే షరతు లేకుండా పాడగలిగేది రెండో జంటే. అమ్మేవారికి కావలసిందీ అదే.

ఆ పాట ఎలా జరుగుతుందో మన పాఠకులు తెలుసుకోవాలి. ఎదురెదురుగా కూర్చుని బేరమాడటం ఉండదు. ఒక తేదీ, ఒక గంట చెబుతారు. అందరూ ఆలోగా తమ ధరను విడివిడిగా పంపాలి. పక్కవాడు ఎంతన్నాడో ఎవరికీ తెలియదు. 2023 నుంచి ఏజెంట్ల సంఘాలు పాటల చిట్టా ఉంచుతున్నాయి గానీ, అది మిగతావాళ్లకు కనిపించేది అంతా అయిపోయాకే. గెలిచిన వాళ్లకు 2003 నుంచి చట్టం ఇచ్చిన మూడు రోజుల గడువుంది. సంతకం పెట్టిన కాగితం చేతికొచ్చాక ఆ మూడు రోజుల్లో కారణం చెప్పకుండానే వద్దనుకోవచ్చు. ఆ తర్వాత వెనక్కి పోతే సాధారణంగా ధరలో 10 శాతం పోతుంది. అంత తొందరలో ఇంటి పటుత్వం చూపించుకునే షరతును వదులుకోవడం నాకు భయం పుట్టించే విషయం. ఇక్కడి విల్లాల్లో ఎన్నో 1930ల నాటివి, అంతకంటే పాతవి. వేడి నిలవదు, పైకప్పు బీమా ఖరీదు.

ఒక్క విషయంలో మాత్రం అసూయ పుడుతుంది. ఏ ఇంటి వోజ్ విలువైనా ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. కొద్దిపాటి రుసుము కడితే ఏ ఇల్లు ఎంతకు అమ్ముడైందో భూమి రికార్డుల కార్యాలయం చెబుతుంది. డబ్బంతా నోటరీ ఖాతా ద్వారానే నడుస్తుంది. కాగితం మీద ఒక ధర, చేతిలో ఇంకో ధర అనే మాటే లేదు. 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చులు కట్టే తెలంగాణ, ఆంధ్రవాళ్లకు 2 శాతం తక్కువనిపిస్తుంది. ఆ తక్కువ పన్ను పూర్తి ధర మీద పడుతుందని గుర్తుంచుకోవాలి.

ఊళ్లో సొంత స్థలం అమ్మి అయినా కొందామనుకునేవాళ్లు ఉన్నారు. విదేశాల్లో ఉండే భారతీయులకు ఇండియా బ్యాంకుల్లో ఉండే ఎన్ఆర్ఓ ఖాతా నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. ఇండియాలో ఉన్న తల్లిదండ్రులైతే ఒక్కొక్కరు ఏడాదికి 2 లక్షల 50 వేల డాలర్ల వరకు పంపవచ్చు. నెదర్లాండ్స్ వైపు బ్యాంకు, నోటరీ ఇద్దరూ ఆ డబ్బు పుట్టుక అడుగుతారు. అమ్మకం దస్తావేజులో రాసిన ధర తక్కువై, మిగతాది నోట్ల రూపంలో వచ్చి ఉంటే, ఆ మిగతాది ఆమ్‌స్టర్‌డామ్‌లో చెల్లే డబ్బు కాదు. కోకాపేటలోనో మధురవాడలోనో నాన్న కష్టపడి కొన్న స్థలం సగం విలువే సముద్రం దాటుతుంది.

ఇంత గిరాకీ ఉన్నచోట ఇంకొన్ని ఇళ్లు కట్టొచ్చు కదా అనే ప్రశ్న సహజం. ఇక్కడే నేల కథ తెలియాలి. పశ్చిమ నెదర్లాండ్స్‌లో చాలా భాగం మొక్కలు కుళ్లి ఏర్పడిన మెత్తటి నేల. గుంజలు దిగ్గొట్టి గానీ కట్టలేరు, పాత ఇళ్ల కింది చెక్క గుంజలు పాడైతే పునాది కుంగుతుంది. సముద్రం ఒడ్డున మాత్రం ప్రాచీన తీరరేఖలు వదిలిన గట్టి ఇసుక మిట్టలున్నాయి. 17వ శతాబ్దంలో ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులు వేసవి విడిదులు కట్టుకున్నది ఈ మిట్టల మీదే. ఓవర్‌వేన్‌లోని ఎల్స్‌వౌట్ ఎస్టేటు అప్పటిదే. 1881లో హార్లెమ్ నుంచి జాండ్‌ఫోర్ట్‌కు రైలు పడ్డాక విడిదులు కాపురాలయ్యాయి. దక్షిణాన ఉన్న దిబ్బల ఇసుకలో వడగట్టిన నీరు 1853 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ నగర ద్వారం దగ్గర బకెట్టు ఒక సెంటుకు అమ్మారు. ఆ నగరం ఇప్పటికీ ఆ దిబ్బల నీళ్లు తాగుతోంది.

కాబట్టి దిబ్బల్లో కట్టకూడదు, ఆ మాటకు నేను తిరుగు చెప్పను. అవి యూరప్ చట్టం కాపాడే ప్రకృతి ప్రాంతం. పశువుల పెంపకం, వాహనాలు, నిర్మాణ యంత్రాల నుంచి గాలిలో కలిసి వచ్చి పడే నైట్రోజన్ సమ్మేళనాలంటే అక్కడి సన్నగడ్డి నేలకు చావు. ఆ మోతాదు పెరిగితే ముతక గడ్డి వచ్చి మిగతావాటిని మింగేస్తుంది. 2019 మే 29న అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం పాత నైట్రోజన్ అనుమతుల విధానాన్ని కొట్టేసినప్పటి నుంచి ఇలాంటి చోట్ల నిర్మాణానికి అనుమతి ఇంకా కష్టమైంది.

నా అభ్యంతరం దిబ్బల గురించి కాదు, తోటల గురించి. ఆర్డెన్‌హౌట్ వీధుల్లో నడిస్తే ఒక్కో విల్లా చుట్టూ కనిపించే స్థలం చూడండి. ఇద్దరు వృద్ధులు ఉంటున్న పది గదుల ఇంటిని రెండు మూడు కాపురాలుగా విడగొట్టడానికి ఒక్క చదరపు అడుగు దిబ్బ కూడా పోదు. బెన్నెబ్రూక్‌లో స్కూలు టీచరుకు, ఆ వృద్ధుల ఇంటికి సైకిల్ మీద వచ్చే నర్సుకు ఇల్లు దొరుకుతుంది. పిల్లలు వెళ్లిపోయాక చిన్న ఇంటికి మారదామనుకునే పెద్దలకు సొంత ఊళ్లోనే చోటుంటుంది. దేశంలో ఇళ్ల కొరత 4 లక్షల చుట్టూ ఉందని ప్రభుత్వ అంచనాలే చెబుతున్నప్పుడు, ఊరి అందం, పచ్చదనం అన్న పేరుతో విభజనకు అడ్డు చెప్పడం న్యాయం కాదు. దిబ్బను కాపాడటం వేరు, దిబ్బ పేరు చెప్పి పొరుగును కాపాడుకోవడం వేరు.

ఈ నిర్ణయం ఎవరిదంటే మొదట మున్సిపల్ కౌన్సిల్‌ది. నెదర్లాండ్స్‌లో అయిదేళ్లు చట్టబద్ధంగా ఉన్న విదేశీయులకు మున్సిపల్ ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న తెలుగువాళ్లూ వేయొచ్చు, చాలామందికి ఈ సంగతి తెలియదు. అయితే ఓటు ఉన్న ఊళ్లోనే. ఓవర్‌వేన్‌లో ఇల్లు దొరక్క హార్లెమ్‌లో, హూఫ్‌డార్ప్‌లో ఆగిపోయినవాళ్లకు బ్లూమెన్‌డాల్ కౌన్సిల్‌లో మాట లేదు. ఆ కౌన్సిల్‌ను ఎన్నుకునేది ఇప్పటికే లోపలున్నవాళ్లు. వాళ్ల మీద ఒత్తిడి తేగలిగింది పైనున్న ఉత్తర హాలండ్ ప్రాంతీయ ప్రభుత్వం, ఆ పైన హేగ్‌లోని పార్లమెంటు. వాటికి ఓటు వేయాలంటే డచ్ పౌరసత్వం ఉండాలి, అది తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది.